అమ్మ వైపు, నాన్న వైపు: ఒక అనొరెక్సియా కేస్ స్టడీ

కుర్చీ అంచున కూర్చుంది, వీపు ఆనించలేదు. మాట్లాడుతున్నంతసేపూ రెండు మడమలూ నేలమీద ఆడుతూనే ఉన్నాయి. స్వెట్టర్ చేతులు వేళ్ల దాకా లాక్కుంది. పల్స్ చూడడానికి మణికట్టు పట్టుకుంటే చల్లగా తగిలింది. ముంజేతి నిండా పసిపిల్లల ఒంటి మీద ఉండేలాంటి సన్నని నూగు. పల్స్ 42.

"నాకేం లేదు డాక్టర్ గారూ, వీళ్లే ఊరికే టెన్షన్ పడుతున్నారు" అంది.

వయసు 15. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 36.5 కిలోలు, బీఎమ్‌ఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 14.6. ఎనిమిది నెలల కిందట స్కూల్లో తీసిన బరువు 49. అంటే ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. నెలసరి ఆగి ఐదు నెలలు. బీపీ 86/54, ఒంటి వేడి 35.6 డిగ్రీల సెల్సియస్. పడుకున్నప్పుడు 42 ఉన్న పల్స్ లేచి నిలబడగానే 78కి ఎగబాకింది. గుండె ఎంత కష్టంగా నెట్టుకొస్తోందో చెప్పడానికి ఆ తేడా చాలు. ఈసీజీలో వేగం తక్కువ తప్ప వేరే లోపం లేదు. హీమోగ్లోబిన్, పొటాషియం, థైరాయిడ్ అన్నీ దాదాపు మామూలే.

ఇది అనొరెక్సియా, అంటే తిండికి భయపడి తగ్గించుకుంటూ ప్రమాదకరంగా చిక్కిపోయే జబ్బు. రిపోర్టులు బాగున్నాయి కాబట్టి మనిషి బాగుందనుకోవడం ఈ జబ్బులో తరచూ జరిగే పొరపాటు. ఈ అమ్మాయి విషయంలోనూ అదే జరిగింది. నా దగ్గరికి రాకముందు కొన్ని నెలల పాటు కడుపు జబ్బు అనుకుని తిప్పారు. స్కాన్, ఎండోస్కోపీ చేశారు, ఏమీ దొరకలేదు. చివరికి ఒకచోట "బలవంతపెట్టకండి, ఆకలేస్తే తనే తింటుంది" అని చెప్పి పంపేశారు. ఆ మాట పట్టుకుని తల్లిదండ్రులు ఆరు వారాలు ఎదురుచూశారు. ఆ ఆరు వారాల్లో ఐదు కిలోలు పోయాయి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఈ కేసును కుటుంబం అనుమతితో రాస్తున్నాను. ఎవరైనా గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఎక్కడ మొదలైంది

తల్లి ఒక కారణం చెప్పింది, తండ్రి ఇంకొకటి చెప్పాడు. ఇద్దరూ ఒప్పుకున్న విషయం ఒక్కటే: ఎనిమిది నెలల కిందట వచ్చిన వైరల్ జ్వరం. పది రోజులు మంచం మీదే ఉంది, నాలుగు కిలోలు తగ్గింది. జ్వరంలో తగ్గిన బరువు మామూలుగా కొన్ని వారాల్లో తిరిగొస్తుంది. ఈ అమ్మాయికి రాలేదు. స్కూలుకి వెళ్లిన మొదటి రోజే స్నేహితురాళ్లు "సన్నబడ్డావే, భలే ఉన్నావు" అన్నారట. ఆ మాటే కొంప ముంచిందని తల్లి నమ్మకం. తండ్రి మాత్రం అంతా ఫోన్ వల్లే అంటాడు.

వాళ్లను బయట కూర్చోబెట్టి అమ్మాయిని అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత కిందికి చూస్తూ అంది: "ఆ పది రోజులు తలలో గోల ఆగిపోయింది. మళ్లీ తినడం మొదలుపెట్టాక గోల తిరిగొచ్చింది."

ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు నోట్స్‌లో రాసుకుని కింద గీత గీశాను. ఈ కేసంతా అందులో ఉంది. తిండి తగ్గితే చాలామందికి చిరాకు, నీరసం, ఎక్కడలేని ఆకలి. వాళ్ల శరీరమే వాళ్లను పళ్లెం దగ్గరికి లాక్కొస్తుంది. కొందరికి మాత్రం కడుపు ఖాళీగా ఉంటే లోపలి ఆందోళన సద్దుమణుగుతుంది. అలాంటి మనిషికి ఒక్కసారి, ఏ కారణం వల్లనైనా సరే, తిండి తగ్గి ఆ నెమ్మది రుచి తెలిసిందంటే వెనక్కి రావడం కష్టం. మొదట బరువు తగ్గించింది జ్వరమా, డైటా, ఆటల ప్రాక్టీసా, పంటి నొప్పా అన్నది దాదాపు అనవసరం.

ఇక ఒక తెల్ల కాగితం తీసుకుని వంశవృక్షం గీశాను. నేను ప్రతి కేసులోనూ గీస్తాను. "మీ ఇంట్లో ఎవరికైనా అనొరెక్సియా ఉందా" అని అడిగితే ఎవరూ ఉందని చెప్పరు. వాళ్లకు ఆ పేరుతో తెలియదు. అందుకే వేరేలా అడుగుతాను: మీ ఇంట్లో ఎప్పుడూ మరీ సన్నగా ఉండేవాళ్లెవరు? కాలు నిలవనివాళ్లు? పదిసార్లు సరిచూసుకునేవాళ్లు? అందరితో కలిసి తినడానికి ఇష్టపడనివాళ్లు?

తండ్రి నవ్వి, "మా చెల్లెలు ఉంది. పిట్ట తిండి. మా ఇంట్లో అందరూ అలాగే అంటారు" అన్నాడు. అమ్మాయికి మేనత్త. పదిహేడో ఏట నుంచీ కొలిచే తింటుందట, రోజూ రెండు గంటలు నడుస్తుందట, పెళ్లయ్యాక పిల్లల కోసం చాలా ఏళ్లు తిరిగారట. ఎవరూ దాన్ని జబ్బనుకోలేదు. క్రమశిక్షణ అని మెచ్చుకున్నారు. తండ్రి కూడా ఎంత తిన్నా లావెక్కని రకం, కూర్చుంటే తోచదు. తల్లి వైపు ఇంకో కథ. ఆవిడ రాత్రి తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటేగాని పడుకోలేదు, గ్యాస్ నాలుగుసార్లు. వాళ్ల నాన్నకు దీర్ఘకాలం డిప్రెషన్. అమ్మాయి కూడా ఏడేళ్లప్పుడే నోట్‌బుక్‌లో ఒక్క అక్షరం వంకర పోతే పేజీ చింపి మళ్లీ రాసేదట. టీచర్లు ఆ నోట్‌బుక్కులు క్లాసంతా చూపించేవారట.

కాగితం మీద కుడివైపు ఒక రకం, ఎడమవైపు ఒక రకం. ఆ రెండు గీతలూ కలిసే చోట ఈ అమ్మాయి.

జన్యువుల గురించి తెలిసింది

ఈ జబ్బును 1873లో పారిస్‌లో లాసెగ్, లండన్‌లో విలియం గల్ అనే వైద్యులు దాదాపు ఒకేసారి వర్ణించారు. ఇలాంటి రోగుల గురించి 1689లోనే రిచర్డ్ మార్టన్ అనే వైద్యుడు రాశాడు. ఫోన్లూ ఫ్యాషన్ ఫోటోలూ పుట్టకముందు కూడా ఆడపిల్లలు ఇలా చిక్కిపోయారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు నెపం తల్లుల మీద పడింది. కవలల అధ్యయనాలు వచ్చాక బొమ్మ మారింది. అనొరెక్సియా రావడంలో మనుషుల మధ్య ఉండే తేడాల్లో జన్యువుల వాటా అధ్యయనాన్ని బట్టి 28 నుంచి 74 శాతం దాకా తేలింది. జబ్బున్నవాళ్ల దగ్గరి ఆడబంధువుల్లో అనొరెక్సియా వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే దాదాపు 11 రెట్లని 2000లో వచ్చిన ఒక పెద్ద కుటుంబ అధ్యయనం చెప్పింది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది 2019లో 'నేచర్ జెనెటిక్స్' పత్రికలో వచ్చిన పరిశోధన. సుమారు 17 వేలమంది అనొరెక్సియా ఉన్నవాళ్ల జన్యువులను 55 వేలమంది లేనివాళ్లతో పోల్చారు. ఎనిమిది చోట్ల స్పష్టమైన తేడా కనిపించింది. ఆ ఎనిమిది కంటే పెద్ద విషయం మరొకటి. ఈ జబ్బు జన్యు నేపథ్యం ఓసీడీ (చేసిందే మళ్లీ మళ్లీ చేయించే, చూసిందే చూయించే జబ్బు), డిప్రెషన్, ఆందోళనలతోనే కాదు, జీవక్రియతో కూడా కలుస్తుంది. సన్నగా ఉండే తత్వం, ఇన్సులిన్ బాగా పనిచేయడం, టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం తక్కువగా ఉండడం, ఒళ్లు ఊరుకోకపోవడం, ఇవన్నీ ఆ జన్యువులతో ముడిపడి ఉన్నాయి. అంటే ఇది మనసు జబ్బు మాత్రమే కాదు, ఒంటి జబ్బు కూడా. నా తెల్ల కాగితం మీది కుడి ఎడమలు అక్కడ అంకెల్లో కనిపించాయి. ఒక్క కుటుంబం దేన్నీ రుజువు చేయదని నాకు తెలుసు. అయినా ఆ పరిశోధన చదివాక వంశవృక్షం గీసే పద్ధతి మార్చుకున్నాను. అంతకుముందు మానసిక సమస్యలే అడిగేవాణ్ణి, ఇప్పుడు ఒంటి తీరు కూడా అడుగుతున్నాను.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. తల్లి గుండెల మీది బరువు దించాలన్న ఆత్రంతో రెండో రోజే ఈ శాతాలను సుమారు అరవై అని కలిపి చెప్పేశాను. తండ్రి మొహం మాడిపోయింది. "అయితే అరవై శాతం మా చెల్లెలి వల్లేనా?" అన్నాడు. తల్లి ఏడుపు ఆపుకుంటూ, "మిగతా నలభై నా పెంపకమన్నమాట" అంది. ఒక్క నిమిషంలో జబ్బును ఇద్దరూ వాటాలేసుకున్నారు.

ఆ అంకెకు అర్థం అది కాదు. అది ఒక మనిషి జబ్బులో ఇంత ముక్క జన్యువులది, ఇంత ముక్క పెంపకానిది అని చెప్పదు. ఒక పెద్ద గుంపులో కొందరికి వచ్చి కొందరికి రాకపోవడానికి ఉన్న తేడాలో జన్యువుల పాత్ర ఎంతో చెబుతుంది, అంతే. మిగిలిన భాగం పెంపకం కూడా కాదు. ఒకే ఇంట్లో పెరిగే పిల్లలకు ఉమ్మడిగా ఉండే వాతావరణం పాత్ర చాలా అధ్యయనాల్లో చిన్నదిగానే కనిపించింది. ఆ పిల్లకు మాత్రమే ఎదురైన జ్వరం, ఆ పిల్ల చెవిన పడ్డ మాట, ఆ ఏడాది పరీక్షలు, ఇలాంటివే ఎక్కువ. కుటుంబమే ప్రధాన కారణమనే వాదనను ఇలాంటి తిండి జబ్బుల నిపుణుల సంస్థ అకాడమీ ఫర్ ఈటింగ్ డిజార్డర్స్ 2010లో ప్రచురించిన ప్రకటనలో గట్టిగా తోసిపుచ్చింది. ఇదంతా ముందే చెప్పి, శాతాలు తర్వాత చెప్పాల్సింది. ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

తండ్రి జన్యు పరీక్ష చేయించమని అడిగాడు. అలాంటి పరీక్ష వల్ల ఏ ఉపయోగమూ లేదు. ఇది ఒక్క జన్యువు పని కాదు. వందల కొద్దీ చిన్న చిన్న తేడాలు కలిసి మనిషిని ఒకవైపు కాస్త వాలుస్తాయి. వాలిన ప్రతి ఒక్కరూ పడిపోరు. ఈ కాగితమే ప్రస్తుతానికి మనకున్న మంచి పరీక్ష అని వంశవృక్షం చూపించాను.

మరి స్నేహితురాళ్ల మాటలకూ ఫోన్‌కూ పాత్ర లేదా? ఉంది. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి టీవీ వచ్చిన కొత్తల్లో 1995లోనూ, మళ్లీ మూడేళ్ల తర్వాత 1998లోనూ ఆన్ బెకర్ అనే పరిశోధకురాలి బృందం స్కూలు అమ్మాయిలను పరీక్షించింది. తిండి అలవాట్లు ఆందోళనకరంగా ఉన్నవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు కోసం వాంతి చేసుకునేవాళ్లు మొదట ఒక్కరూ లేరు, 1998 నాటికి 11.3 శాతం. చుట్టూ ఉన్న ప్రపంచం ఎంతమందిని తలుపు దాకా తీసుకొస్తుందో ఈ అంకెలు చెబుతాయి. అదే టీవీ చూసిన ఎక్కువమంది తలుపు దాటలేదన్నదీ అంతే నిజం.

ఆకలి చేసే పని

ఆస్పత్రిలో చేర్చాను. తల్లి ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించింది. నిండా వంటల పద్ధతులు, గుండ్రటి చేతిరాత, రంగు పెన్నులతో. తను ముట్టని తిండి చెల్లెలికి వండిపెట్టి, చివరి ముద్ద దాకా తినేలా పక్కనే నిలబడేదట. "ఇంత ఇష్టముంటే ఎందుకు తినదు?" అని తల్లి ప్రశ్న.

1944 నవంబరులో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఆరు నెలలు సగం తిండి. వాళ్ల బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది, అచ్చం ఈ అమ్మాయికి తగ్గినట్టే. వాళ్లలో ఎవరికీ అంతకుముందు ఈ జబ్బు లేదు. అయినా వంటల పుస్తకాలు పోగేశారు, తిండిని చిన్న ముక్కలు చేసి గంటల తరబడి తిన్నారు, చలికి ముడుచుకున్నారు, ఎవరితోనూ కలవలేకపోయారు, దిగులులో కూరుకుపోయారు. ఇదంతా ఆకలి చేసే పని, స్వభావం కాదు. ఈ కథ చెబితే తల్లిదండ్రులకు కొండంత ఊరట. తమ పిల్ల మొండిది కాదని, అబద్ధాలకోరు కాదని అర్థమవుతుంది. ఒక తేడా మాత్రం చెప్పాలి: ఆ యువకులకు తిండి దొరకగానే విరగబడి తిన్నారు. ఈ అమ్మాయికి తిండి ఎదురుగా ఉంటే భయం. ఆ తేడా దగ్గరే వారసత్వం పని చేస్తోందని నా అభిప్రాయం.

మడమలు ఆడడం సంగతి కూడా అంతే. ఎలుకలకు రోజుకు కొద్దిసేపే తిండి పెట్టి, బోనులో తిరిగే చక్రం ఉంచితే అవి తినాల్సినంత తినవు, రోజురోజుకీ ఎక్కువ పరిగెడతాయి, ఆపకపోతే చచ్చిపోతాయి. వాటికి అద్దమూ తెలియదు, ఫోనూ తెలియదు.

చికిత్స

తిండి మొదలుపెట్టకముందే థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చాం. ఎన్నాళ్లో పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి అందితే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫేట్ కణాల్లోకి వెళ్లిపోతుంది, గుండె లయ తప్పవచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. చేరిన రోజు ఫాస్ఫేట్ 3.6 ఉంది, నాలుగో రోజు 2.2కి పడిపోయింది. రోజూ రక్తం తీస్తున్నందుకు విసుక్కున్న తండ్రికి ఆ కాగితం చూపించాను. ఫాస్ఫేట్ ఇచ్చాం, రెండు రోజుల్లో సర్దుకుంది. పదహారు రోజుల తర్వాత పల్స్ 54, బరువు 38.9. ఇంటికి పంపించాం.

తర్వాతి పని తల్లిదండ్రులది. లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది: కొంతకాలం తిండి నిర్ణయాలు పూర్తిగా అమ్మానాన్నల చేతిలో ఉంటాయి. 2010లో 121 మంది టీనేజర్ల మీద వచ్చిన పరీక్షలో చికిత్స ముగిసిన ఏడాదికి ఈ పద్ధతిలో 49 శాతం పూర్తిగా కోలుకుంటే, విడిగా కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 23 శాతమే కోలుకున్నారు. జబ్బుకు తల్లిదండ్రులు కారణమని ఒకప్పుడు పిల్లల్ని వాళ్లనుంచి దూరంగా ఉంచేవారు. ఇప్పుడు వాళ్లే మందు.

రెండో సెషన్‌లో కుటుంబమంతా నా ముందే భోజనం చేయాలి. అమ్మాయి ముద్దను బఠాణీ గింజలంత ముక్కలు చేసి పళ్లెం అంచు వెంబడి పేర్చింది. నడిమి భాగం ఖాళీ. చూసేవాళ్లకి సగం తిన్నట్టుంటుంది. టిష్యూ పేపర్‌తో మూడుసార్లు మూతి తుడుచుకుంది, మూడోసారి అది ఉబ్బెత్తుగా ఉంది. తండ్రి లేచి గట్టిగా ఏదో అనబోయాడు, కూర్చోమన్నాను. నలభై నిమిషాలు గడిచాయి. అప్పుడు తల్లి తన కుర్చీ జరుపుకుని కూతురి పక్కన కూర్చుంది. బతిమాలలేదు, కోప్పడలేదు. "నీకు భయంగా ఉందని తెలుసమ్మా. తిను. నేనిక్కడే ఉన్నా" అంది. ఇంకో పది నిమిషాలకు అమ్మాయి ఏడుస్తూ తాను అనుకున్నదానికంటే ఒక్క ముద్ద ఎక్కువ తింది. ఆ రోజుకి నేను కోరుకున్నది కూడా అంతే.

మూడో వారం బరువు ఒక్కసారిగా 1.4 కిలోలు పెరిగింది. అందరూ సంతోషించారు. మూత్రం పరీక్ష చేస్తే సాంద్రత 1.002, అంటే దాదాపు నీళ్లే. తూకానికి ముందు బాత్రూంలో లీటరున్నర తాగింది. తిట్టలేదు. ఇలాంటివి చేయించేది జబ్బు అని ఇంట్లోవాళ్లకు మళ్లీ చెప్పి, తూకానికి ముందు మూత్రం పరీక్ష పెట్టాను.

మందుల గురించి తల్లిదండ్రులు మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. బరువు మరీ తక్కువగా ఉన్నప్పుడు డిప్రెషన్ మందులు ఈ జబ్బులో బరువు పెంచవని పరీక్షల్లో తేలింది. అప్పటికి తిండే మందన్నాను. 47 కిలోలకు చేరాక చాలా గోల తగ్గింది. పేజీలు చింపి రాయడం, లెక్కలు పదిసార్లు చూసుకోవడం మాత్రం తగ్గలేదు. అవి ఆకలి తెచ్చినవి కావు, ముందునుంచీ ఉన్నవి. అప్పుడు ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టాను, దానితోపాటు ఆందోళనకు విడిగా థెరపీ. తినకుండా గోల ఆపుకోవడం మానేసిన పిల్లకి, గోల ఆపుకోవడానికి వేరే దారి చూపించాలి కదా.

పాత బరువు 49 దగ్గర తండ్రి "ఇక చాలు కదా" అన్నాడు. చాలదు. అది జబ్బుకు ముందు, ఇంకా చిన్నగా ఉన్నప్పటి బరువు. చిన్నప్పటి నుంచీ ఆమె ఎదుగుదల గీత ఎటు వెళ్తోందో చూసి 51 దాటాలని చెప్పాను. ఎనిమిదో నెలలో 51.2 దగ్గర నెలసరి తిరిగొచ్చింది. తొమ్మిదో నెలలో పరీక్షలు, 1.8 కిలోలు తగ్గింది. మొదట పసిగట్టింది తండ్రి. "నిలబడి చదువుతోంది డాక్టర్ గారూ, మా చెల్లెలు కూడా అంతే" అని ఫోన్ చేశాడు. మూడు వారాలు మళ్లీ తిండి పగ్గాలు వాళ్లే తీసుకున్నారు, బరువు తిరిగొచ్చింది.

చెల్లెలు

చెల్లెలికి 11 ఏళ్లు. తల్లి మొదటి రోజు నుంచీ అడగలేక ఊరుకున్న ప్రశ్న చివరికి అడిగింది. అక్కకున్న వాలు తనకూ ఉండొచ్చన్నాను. ఆ 11 రెట్లు అన్నది మామూలుగా నూటికి ఒకరి దగ్గర్లో ఉండే జబ్బుకు వర్తించే మాటనీ, ఎక్కువమంది చెల్లెళ్లకు రాదనీ వివరించాను. అమెరికాలో కవల ఆడపిల్లల మీద చేసిన అధ్యయనంలో 11 ఏళ్ల వయసులో తిండి, బరువు గురించిన దిగుళ్లలో జన్యువుల పాత్ర దాదాపు కనిపించలేదు, 17 ఏళ్లవాళ్లలో సగానికి పైగా కనిపించింది. యుక్తవయసు హార్మోన్లతో ఆ జన్యువులు మేల్కొంటాయని దాన్నిబట్టి అనుకుంటున్నాం. అంటే కాపు కాయాల్సింది ఈ ఆరేడేళ్లు.

కాపు అంటే పిల్లను అనుమానంగా చూడడం కాదు. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు గీత మీద గుర్తు పెట్టడం, ఇంట్లో ఎవరి ఒంటి గురించీ వ్యాఖ్యానించకపోవడం, డైట్ అనే మాటే రానివ్వకపోవడం. అన్నిటికంటే ముఖ్యం, జ్వరమొచ్చినా విరేచనాలైనా పళ్లకు క్లిప్పులు వేసినా తగ్గిన బరువు త్వరగా తిరిగొచ్చేలా చూడడం. జన్యువులను మార్చలేం. ఆ ఒంటిని లోటులో ఉండనివ్వకుండా చూడగలం. ఈ కుటుంబానికి నేనిచ్చిన సలహాల్లో నాకు బాగా నమ్మకమున్నది ఇదే.

పోయిన నెల తల్లి ఫోన్ చేసింది. చెల్లెలికి జ్వరం, ఐదు రోజుల్లో రెండు కిలోలు తగ్గింది. గొంతులో కంగారు లేదు. "తగ్గింది నిన్న. ఈ రోజు నుంచి మూడు పూటలకు తోడు మూడుసార్లు చిరుతిండి పెడుతున్నా. ఎన్నాళ్లకల్లా తిరిగి రావాలి డాక్టర్ గారూ?" అంది. మూడు వారాలన్నాను. పద్దెనిమిదో రోజు గీత మీద చుక్క పెట్టి ఫోటో పంపింది. పాత చుక్కకి పావు కిలో పైన ఉంది.